ఆరో రోజు జున్ను

ముందే ఒక మాట ఒప్పేసుకుంటాను. నేను జున్ను తినను. ఎవరింటికైనా వెళ్లినప్పుడు "మా ఆవు ఈనింది, రుచి చూడండి" అని ప్లేటు ముందు పెడితే పంటి నొప్పి అనో, ఉపవాసమనో ఏదో ఒక అబద్ధం చెప్పి తప్పించుకుంటాను. ఒకసారి శనివారం ఉపవాసమని చెప్పాను, ఆ రోజు మంగళవారం. ఇదంతా నీలవేణి పుణ్యం. ఆమె ఈ సంగతి చెప్పినప్పటి నుంచి ఆ పసుపు ముక్క కనబడితే నాకు మైక్రోస్కోపు గుర్తొస్తుంది. మీకు కూడా జున్ను మాన్పించాలని కాదు. తింటూ చదివినా ఫరవాలేదు. కాకపోతే తినడం అయ్యాక చదివితే మంచిది.

అరవై ఎనిమిదో సంవత్సరంలో నీలవేణికి ఇరవై ఒకటి. విశాఖపట్నంలో ఏడాది పాటు లేబరేటరీ ట్రైనింగు అయ్యి, టౌన్లో పశువుల ఆస్పత్రిలో చేరింది. లేబరేటరీ అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఒక కిటికీ, కిటికీ పక్కన బల్ల, బల్ల మీద ఒక మైక్రోస్కోపు. దానికి కరెంటు దీపం లేదు. కింద గుండ్రటి అద్దం ఉంటుంది, దాన్ని ఎండ వైపు తిప్పుకుని చూడాలి. మబ్బు పట్టిందంటే ఆ రోజుకి సైన్సు బంద్.

ఆమె పనల్లా లెక్కపెట్టడం. పశువుల రక్తంలో, పాలలో తెల్ల కణాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాసి ఇస్తుంది. వైద్యం డాక్టరుగారిది, సూది కంపౌండరు నారాయణమూర్తిది. కానీ ఆమె ఊరు గుమ్మడివలసలో ఈ తేడా ఎవరికీ పట్టలేదు. బస్సు దిగితే చాలు, ఒకరు గేదె తోక చూడమంటారు, ఇంకొకరు సొంత నడుం చూడమంటారు. తాను లెక్కపెట్టే మనిషినే గాని నయం చేసే మనిషిని కాదని ఆమె చెబుతూనే ఉండేది. వాళ్లు అది వినయం అనుకునేవారు.

తల్లి చిన్నప్పుడే పోవడంతో నీలవేణిని పెంచింది మేనత్త తవిటమ్మ. తవిటమ్మ పెంచిన రెండో ప్రాణి చుక్క. నుదుట తెల్లమచ్చ ఉన్న ఎర్రావు. మూడేళ్ల క్రితం ముసర వ్యాధి వచ్చి ఊళ్లో పశువులు పోయినప్పుడు చుక్క తల్లి కూడా పోయింది. పది రోజుల దూడ. దానికి వెదురు గొట్టంతో గంజి, వాళ్లింటా వీళ్లింటా అడిగి తెచ్చిన పాలు పట్టి బతికించింది తవిటమ్మ. ఆ చుక్క ఇప్పుడు తొలిచూలు ఈనింది. మంగళవారం పొద్దున, ఆడదూడ. నీలవేణి ఆదివారం సెలవు చూసుకుని, కోటబొమ్మాళిలో బస్సు మారి, పదింటికల్లా ఊరు చేరింది.

వెళ్లగానే చేతిలో కంచుగిన్నె పడింది. బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద ఉడికించిన జున్ను. కత్తితో కోస్తే ముక్క ముక్కగా నిలబడింది.

"తిను. ఆరో రోజు జున్ను పుట్టి బుద్దెరిగి ఎక్కడైనా సూసినావేటి?" అంది తవిటమ్మ.

"మూడు రోజులకే అయిపోతాది కదత్తా."

"అందరి ఆవులకీ అయిపోతాది. నా సుక్కకి అవలేదు. నిన్న పొయ్యి మీద ఎట్టినానో లేదో గడ్డ కట్టీసినాది. పక్కింటి దాలమ్మ వొచ్చి, పాలల్లో ఏటి కలిపినావే అని అడిగినాది."

"ఊరంతటికీ పంచీసినాది మీ అత్త," అన్నాడు ఆమె భర్త జగన్నాధం, అరుగు మీద తాడు పేనుకుంటూ. "నాకు మాత్రం గిన్నె గోకడానికిచ్చినాది."

"గిన్నె గోకితే ఎక్కువొస్తాది. నోరు మూసుకో."

నీలవేణి రెండు ముక్కలు తింది. చాలా చిక్కగా ఉందని మెచ్చుకుంది కూడా. ఏదో కొంచెం ఉప్పదనం తగిలిందట, బెల్లం మంచిది కాదేమోననుకుందట. ఆ ఉప్పదనం ఏమిటో ట్రైనింగులో పరీక్షలో రాసింది, నూటికి డెబ్బై రెండు మార్కులు కూడా వచ్చాయి. కానీ పరీక్షలో అడిగినప్పుడు ఆవు పక్కన లేదు. ఇప్పుడు ఆవు పక్కనే ఉంది, ఎవరూ అడగలేదు.

తిన్నాక పశువుల సాలలోకి వెళ్లి చుక్కని చూసింది. దూడ పాలకొస్తే చుక్క కాలు విదిలించింది. వెనక కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి ఉంది. తొలిచూలు కదా, చన్నులు పచ్చిగా ఉంటాయిలే అనుకుంది నీలవేణి. మెడ నిమిరింది, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది.

మంగళవారం ఉదయం ఎనిమిదింటికి జగన్నాధం ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు. ఆయన టౌనుకి రావడం ఏడాదికి ఒకసారి, అది కూడా కోర్టు పని ఉంటేనే.

"ఏటి మావయ్యా?"

"సుక్క మేత ముట్టడం లేదమ్మా. నిన్న మాపటేల నుంచి. పొదుగు రాయైపోనాది. మీ అత్త నిన్ను తోడుకుని రమ్మన్నాది."

డాక్టరుగారు ముసర టీకాలు వేయడానికి ఏజెన్సీ కొండల మీదికి క్యాంపు వెళ్లి నాలుగు రోజులైంది. నారాయణమూర్తి పెన్సిలిన్ సీసాలు రెండు, సిరంజి సంచిలో పెట్టుకున్నాడు. నీలవేణి గాజు గొట్టాలు, రక్తం గడ్డకట్టకుండా మందు వేసిన సీసా తీసుకుంది. ముగ్గురూ తొమ్మిదిన్నర బస్సెక్కారు.

చుక్క నిలబడే ఉంది గాని తల వేలాడిపోయింది. చెవులు చల్లగా ఉన్నాయి. పొదుగు కుడి సగం ఎర్రగా, వేడిగా, నొక్కితే వేలు దిగనంత గట్టిగా ఉంది. నారాయణమూర్తి సూది వేస్తుంటే నీలవేణి నల్లటి గుడ్డ ఒకటి అడిగి, దాని మీద ఆ వైపు చన్ను పిండింది. పాలు రాలేదు. సెనగలు కడిగిన నీళ్లలాంటివి వచ్చాయి, వాటిలో చిన్న చిన్న పసుపు పలుకులు.

"పలుకులేటి అలా సూస్తన్నావు?" అంది తవిటమ్మ. "జున్ను ముక్కలే అవి. రోజూ వొస్తన్నాయి."

నీలవేణి చేయి ఆగిపోయింది. "ఏ రోజు నుంచి అత్తా?"

"నాలుగో రోజునుంచి. మొదట్లో సన్నంగా ఉండేవి. ఆదోరం నువ్వు తిన్న దాంట్లో అయితే ఇంకా బాగున్నాయి."

జున్ను పాలు నాలుగో రోజుకే మామూలు పాలైపోయాయి. ఆ తరవాత గిన్నెలో గడ్డకట్టింది వేరే. పొదుగులో రోగం చేరితే రక్తంలో తిరిగే తెల్ల కణాలు ఆ చోటికి పరిగెడతాయి. అక్కడ రోగంతో కొట్లాడి చస్తాయి. చచ్చినవి ముద్దకట్టి పాలలో పలుకులవుతాయి. అలాంటి పాలు కొంచెం ఉప్పబడతాయి, కాస్తే విరిగి గట్టిపడతాయి. కుండలో చూసి ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే ఈనిన ఆవు పాలు గట్టిపడటమే కదా అందరూ కోరుకునేది. చుక్క నాలుగు రోజులుగా తన సైన్యాన్ని పంపుతుంటే ఊరు ఊరంతా బెల్లం వేసుకుని తినేసింది. తిన్నవాళ్లలో ఆ కణాలని లెక్కపెట్టడానికి జీతం తీసుకునే మనిషి కూడా ఉంది.

ఆమె నల్లగుడ్డ మడిచి పక్కన పెట్టింది. పాలు ఒక గొట్టంలో, మెడ నరం నుంచి రక్తం సీసాలో పట్టుకుని, నారాయణమూర్తితో కలిసి మూడింటికల్లా ఆస్పత్రికి వచ్చింది. ఇంకా ఎండ ఉంది.

పాల స్లయిడుకి రంగు వేసి చూస్తే ఎర్రటి పొట్టి కడ్డీలు కనబడ్డాయి, గుంపులు గుంపులుగా. నారాయణమూర్తి కంట్లో చూపు సరిగా ఆనకపోయినా తొంగి చూశాడు.

"ఎర్రగా ఉంటే ఏమిటమ్మా?"

"పెన్సిలిన్‌కి లొంగవండి."

"అంటే పొద్దున వేసింది?"

"నీళ్లు వేసినట్టే."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ల సర్వీసు. "కుర్చీ సంగతి తెలిసినంత కూడా నాకీ మందుల సంగతి తెలీదు తల్లీ," అన్నాడు. "స్ట్రెప్టోమైసిన్ రెండు సీసాలున్నాయి బీరువాలో. అవి కావాలా?"

"కావాలండి."

తరవాత రక్తం. గళ్లు గీసిన లెక్క అద్దం మీద ఆరోగ్యంగా ఉన్న ఆవు రక్తం వేస్తే నాలుగు గళ్లలో నూటయాభైకి పైగా తెల్ల కణాలు కనబడాలి. నీలవేణి ముప్ఫై ఎనిమిది లెక్కపెట్టింది. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్లీ వేసింది. ముప్ఫై అయిదు. పాలలో చూస్తే అక్కడ కూడా పెద్దగా లేవు. ఉన్నవి విరిగిపోయి ఉన్నాయి. రక్తంలో లేవు, పొదుగులో లేవు. పోయినవి పోయాయి, వెనక నుంచి రావలసినవి రావడం లేదు.

ఇంకొక విషయం ఆమెకి అన్నిటికంటే బాధ కలిగించింది. ఎదిగిన కణం లోపల గింజ మూడు నాలుగు ముడులు పడి ఉంటుంది. స్లయిడు మీద ఉన్నవాటిలో సగానికి ముడుల్లేవు. గుర్రపు నాడాలా వంకరగా ఉన్న పచ్చి గింజలు. ఇంకా ఎముక మూలుగలో ఉండి ఎదగాల్సినవి. పెద్దవాళ్లు అయిపోతే చుక్క శరీరం పిల్లల్ని పంపడం మొదలుపెట్టింది. ఆవుకి ఎముక మూలుగలో నిలవ తక్కువని పుస్తకంలో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం కింద ఆమె ట్రైనింగులో గీత గీసుకుంది.

డాక్టరుగారికి టెలిగ్రాం ఇచ్చారు. మర్నాడు పొద్దున జవాబొచ్చింది. స్ట్రెప్టోమైసిన్ వేయండి, పొదుగు గంట గంటకీ ఖాళీ చేయండి, శుక్రవారం వస్తాను. నారాయణమూర్తికి ఆస్పత్రి వదిలే వీల్లేదు. ఆయన పెరట్లోకి తీసుకెళ్లి అరటి బోదె మీద ఆమెకి సూది వేయడం నేర్పించాడు. మూడోసారికి సరిగ్గా దిగింది.

"అరటి బోదె తన్నదు," అన్నాడాయన. "అది గుర్తు పెట్టుకో."

బుధవారం పదకొండింటికి ఆమె గుమ్మడివలస చేరేసరికి సాల ముందు గుంపు ఉంది. మధ్యలో గంగులు, పక్కన నిప్పుల కుంపటి, అందులో రెండు ఇనప కడ్డీలు. పశువుకి వాపు వస్తే వాతలు పెట్టేది చుట్టుపక్కల నాలుగూళ్లకీ అతనే. వాపుకి ఎదురుగా, వీపు మీద మూడు గీతలు కాలిస్తే లోపలి వేడి బయటికి వచ్చేస్తుందని అతని లెక్క. అతని తండ్రి కూడా అదే పని చేసేవాడు.

"వాతలొద్దు గంగులు మావా," అంది నీలవేణి.

"ఎందుకొద్దు? మీ డాకటేరు సెప్పినాడా?"

"నేను సెప్తన్నాను."

"నువ్వేటి సెప్తావు? నిన్న వచ్చి రక్తం అట్టుకెల్లినావు. ఉన్న రక్తం తీసీసినావు. ఏటి కనిపెట్టినావు సెప్పు."

నీలవేణి చెప్పడానికి ప్రయత్నించింది. రక్తంలో తెల్ల సెల్సు ఉంటాయని, జబ్బు వచ్చిన చోటికి అవి వెళతాయని, చుక్కకి అవి అయిపోతున్నాయని. ట్రైనింగు ఇంగ్లీషులో అయింది కనక సెల్సు అనే వచ్చింది నోటికి.

"సెల్లులయిపోనాయా?" అన్నాడు జగన్నాధం గుంపులోంచి. "టార్చిలైటుకి అయిపోయినట్టు?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వించడానికి అనలేదు. నిజంగానే అడిగాడు. "కోటబొమ్మాళిలో దొరుకుతాయి కదమ్మా సెల్లులు. కొత్తవి తెస్తాను. ఎన్ని కావాలి?"

నీలవేణికి నవ్వు రాలేదు. ఎన్ని కావాలో ఆమెకి తెలుసు. దొరికే కొట్టు ప్రపంచంలో ఎక్కడా లేదు. "అవి దాని ఎముకల్లోనే తయారవ్వాలి మావయ్యా. బైట దొరకవు."

"అలాటప్పుడు నా వాతలేటి సేసినాయి నిన్ను?" అన్నాడు గంగులు.

"నువ్వు వీపు మీద కాలిస్తే అక్కడ పుండు పడతాది. పుండు పడితే అక్కడికీ పిలుపెళ్తాది. ఉన్న నలుగురూ పొదుక్కెళ్లాలా, వీపుకెళ్లాలా?"

గంగులు కడ్డీ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, చివరికి తవిటమ్మ వైపు చూశాడు. ఆవు తవిటమ్మది. అందరూ తవిటమ్మనే చూస్తున్నారు.

ఆమె కాసేపు చుక్క తోక పట్టుకుని నిలబడింది. "కుంపటి తీసుకెల్లిపో గంగులూ," అంది. "గుంట సదువుకున్నాది. దాని మాట సూద్దాం."

అతను కోప్పడలేదు. కడ్డీలు మట్టిలో గుచ్చి చల్లార్చాడు. "రేపేటైనా అయితే నన్ననొద్దు," అని మాత్రం అన్నాడు. నీలవేణికి అప్పుడు మొదటిసారిగా భయం వేసింది. అప్పటిదాకా పోయేది చుక్క ఒక్కతే. ఇప్పుడు పోతే తన మాట మీద పోతుంది.

సూది వేసింది. చుక్క తన్నలేదు. తన్ని ఉంటే బాగుండేదనిపించింది.

ఆ తరవాత ఇద్దరూ పొదుగు దగ్గరే కూర్చున్నారు. గంట గంటకీ పిండటం, వేడినీళ్ల గుడ్డ వేయడం. వచ్చేది ముంతలో పట్టి దూరంగా గోతిలో పారబోయడం. దూడకి దాలమ్మ వాళ్ల ఆవు పాలు పట్టారు. మధ్యాహ్నం దాటాక తవిటమ్మ అడిగింది.

"అమ్మీ, ఆ తెల్లవి దారెలా తెలుసుకుంటాయే? రక్తం ఒంట్లో అన్ని సోట్లకీ పోతాది కదా. పొదుగు దగ్గిరే దిగాలని ఎవులు సెప్తారు?"

నీలవేణి ఆశ్చర్యపోయింది. ట్రైనింగులో నలభై మందిలో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. "జబ్బున్న చోట ఒక వాసనలాంటిది పుడతాదత్తా. అక్కడ రక్తనాళం గోడ జిగటగా అవుతాది. పోయే పోయే కణాలు దానికి అంటుకుని, దొర్లి దొర్లి ఆగుతాయి. ఆగాక సందు చూసుకుని గోడలోంచి బయటికి దూరతాయి. వాసన ఎక్కడ ఎక్కువుంటే అటు నడుస్తాయి."

"గడ్డికుప్ప అంటుకుంటే కేకలినబడిన కాడికి మనసులు పరిగెట్టినట్టు."

"అంతే."

"ముంతలు, బిందెలు అట్టుకుని."

"అంతే అత్తా."

"మరి ఇప్పుడెందుకు రావటం లేదు?"

"వచ్చినవాళ్లు వచ్చీసారు. ఇంక ఊళ్లో ఎవరూ లేరు."

తవిటమ్మ ముంత కింద పెట్టింది. "మా సిన్నప్పుడు ఒకపాలి మన ఊరు అంటుకున్నాది. మగోళ్లందరూ ఓడెక్కి బర్మాలో రంగం ఎల్లిపోయినారు కూలికి. కేకేస్తే ఎవులొస్తారు. మా ఈడు గుంటలే వచ్చినాం, ముంతలట్టుకుని. మోకాళ్ల దాకా ఉన్న గుంటలం. పదకొండిళ్లు పోనాయి."

నీలవేణికి స్లయిడు మీది గుర్రపు నాడాలు కళ్ల ముందుకొచ్చాయి. మైక్రోస్కోపు లేకుండా అత్త వాటిని చూసేసింది. ఇంక దాచుకోలేక చెప్పేసింది.

"అత్తా, ఆదివారం నేను తిన్నది జున్ను కాదు. ఆ పలుకులు ఆ కణాలే, చచ్చినవి. నాకు తెలియాల్సింది. నేను రోజూ చూసేవే అవి. ఆ రోజు చెప్పి ఉంటే..."

తవిటమ్మ పిండటం ఆపకుండానే అంది. "నువ్వద్దం లోంచి సూస్తే తెలుస్తాది గాని, నాలిక మీద ఎట్టుకుంటే ఏటి తెలుస్తాదే. ఆరు రోజులు పిండినదాన్ని నాను. నాకు తెలవనేదు. పంచినదాన్ని నాను. ఎలాగుందో సెప్పమని ఇంటింటికీ ఎల్లి అడిగినాను కూడా."

"నాకు తెలియాలి అత్తా. నా పని అదే."

"పనైతే రేపు సెయ్యి. ఇప్పుడు గుడ్డ తడుపు."

గురువారం తెల్లవారేసరికి చుక్క పడుకుని ఉంది. మెడ పక్కకి వంచి, ముక్కు పొట్టకి ఆనించి. పొదుగు వేడి తగ్గింది. ఎర్రదనం పోయి నల్లబడుతోంది. పిండితే ఈసారి చిక్కగా వచ్చింది, క్రితం రోజులా నీళ్లలా లేదు. అది మంచికో చెడుకో నీలవేణికి తెలియలేదు. ఆమెకి తెలుసుకునే దారి ఒకటే ఉంది. పాలు, రక్తం గొట్టాల్లో పట్టింది.

"ఎల్లి సూసొస్తే ఏటవుతాది?" అంది తవిటమ్మ.

"వచ్చాయో లేదో తెలుస్తాది."

"తెలిస్తే?"

నీలవేణి గొట్టాలకి మూతలు బిగించింది. చేతులు కట్టుకుని కూర్చోవడం కంటే లెక్కపెట్టడమే ఆమెకి చేతనైంది. రెండో సీసా సూది వేసి, ఆరున్నర బస్సు పట్టుకుంది. బస్సు కోటబొమ్మాళిలో అరగంట ఆగింది. సంత రోజు. కోళ్ల బుట్టలు ఎక్కించారు, ఒక ముసలమ్మ ఆమె ఒళ్లో గొట్టాలున్న సంచి మీద ఎండు చేపల మూట పెట్టబోతే రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"బంగారమేటి?" అంది ముసలమ్మ.

"ఆవు పాలమ్మా."

"పాలు టౌనుకి అట్టుకెల్తావేటి? టౌన్లో పాలు లేవా?"

పదింటికి అద్దాన్ని ఎండకి తిప్పింది. పాల స్లయిడు పెట్టి కన్ను ఆనించింది. మొదట ఆమె తప్పు స్లయిడు పెట్టాననుకుంది. ఎక్కడ చూసినా కణాలే. ఒకదాని మీద ఒకటి, సందు లేకుండా, మధ్యలో ఎర్ర కడ్డీలు కనబడనంతగా. కొన్ని కణాలు ఆ కడ్డీలని మింగేసి ఉన్నాయి, పొట్టలో రెండేసి మూడేసి. ముడులు పడ్డ గింజలు, నాడాల్లాంటి పచ్చి గింజలు, అన్నీ కలిసి. తన ఉద్యోగంలో ఒక చుక్కలో అన్ని ఎప్పుడూ చూడలేదు. రక్తం వేసింది. నాలుగు గళ్లలో డెబ్బై ఏడు. మొన్నటికి రెండింతలు.

"వచ్చాయండి," అంది నారాయణమూర్తితో. "వచ్చేశాయి. చూడండి, మింగుతున్నాయి."

ఆయన చూసి, కనబడకపోయినా, "ఆహా," అన్నాడు. బీరువా అంతా వెతికి, ఎక్కడో అడుగున ఉన్న ఇంకో స్ట్రెప్టోమైసిన్ సీసా తీసిచ్చాడు. బస్సుకి టైముంది, ఒక ముద్ద తిని వెళ్లమన్నాడు. ఆమె తినలేదు. దారంతా సంచి ఒళ్లో పెట్టుకుని, అత్తకి ఎలా చెప్పాలో మనసులో సరిచేసుకుంటూ కూర్చుంది. రంగం నుంచి మగవాళ్లు తిరిగొచ్చేశారని చెప్పాలనుకుంది. ఆ మాట అత్తకి అర్థమవుతుంది, ఆమే చెప్పింది కదా.

ఒంటిగంటన్నరకి ఊరు చేరింది. సాల ముందు జనం లేరు. గంగులు ఒక్కడే గోడవారగా గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి లేచి దారి ఇచ్చాడు.

చుక్క పొద్దున ఎలా పడుకుందో అలాగే ఉంది, మెడ మాత్రం చాచుకుంది. తవిటమ్మ దాని కళ్ల మీద ఈగలు తోలుతోంది. ఎప్పుడు పోయిందని నీలవేణి అడిగితే జగన్నాధం చెప్పాడు. ఆమె బస్సెక్కిన గంటకి. అంటే కోటబొమ్మాళిలో కోళ్ల బుట్టలు ఎక్కిస్తున్నప్పుడు. ఆమె అద్దాన్ని ఎండకి తిప్పక ముందే. మైక్రోస్కోపు కింద అన్ని కణాలు ఎర్ర కడ్డీలని మింగుతూ కనబడింది ఒక చచ్చిపోయిన ఆవు పాలలో. గొట్టంలో ఉన్నవాటికి ఆ సంగతి తెలియదు కదా.

సూదిమందు సీసా ఆమె చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"ఏటి కనబడినాది?" అంది తవిటమ్మ, తల ఎత్తకుండా.

అబద్ధం చెబుదామనుకుంది. ఏమీ కనబడలేదని చెబితే అత్తకి తేలికగా ఉంటుందేమో. కానీ తన పని ఉన్నది ఉన్నట్టు చెప్పడం.

"వచ్చాయత్తా. అన్నీ వచ్చాయి. నేను ఎప్పుడూ చూడనన్ని."

తవిటమ్మ చేయి గాలిలో ఆగింది, మళ్లీ కదిలింది. దూడ సాల మూలనుంచి లేచి, తడబడుతూ వచ్చి, తల్లి పొదుగులో ముట్టె పెట్టింది. జగన్నాధం వెళ్లి దాన్ని మెడ పట్టుకుని లాగబోయాడు.

"ఒగ్గీయి," అంది తవిటమ్మ. తరవాత నీలవేణిని చూసి అడిగింది. "అన్నీ వొచ్చినాయన్నావు కదా. ఇప్పుడేటి సేస్తాయి అవి, అందులో?"

"కొంతసేపుంటాయత్తా. తరవాత అవీ పోతాయి."

తవిటమ్మ తల ఊపింది. ఆ జవాబు ముందే తెలిసినట్టు, నీలవేణి కూడా ఆ కణాల్లాగే ఆలస్యంగా వచ్చి చెప్పినట్టు.

ఇంతే జరిగింది. డాక్టరుగారు శుక్రవారం వచ్చి, తొలిచూలు ఆవుకి ఈ రకం వస్తే పెద్ద ఆస్పత్రిలో కూడా దక్కడం కష్టమని చెప్పారు. నీలవేణికి ఆ మాట ఊరటో కాదో ఆమె నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఊళ్లో కొందరు వాతలు పెట్టి ఉంటే బతికేదని ఇప్పటికీ అంటారట. గంగులు మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదట.

మీ ఇంట్లో కూడా ఇలాంటిది ఏదో జరిగే ఉంటుంది. ఆవో, గేదో, మేకో, లేకపోతే మనిషే. లోపల ఏం జరుగుతోందో మీకు తెలిసి కూడా చేయి అందకుండా పోయింది, లేదా తెలియడమే ఆలస్యమైంది. రాయండి. పెద్ద కథలా రాయనక్కర్లేదు. పేరు, ఊరు, ఆఖరి రోజు ఎవరు పక్కన కూర్చున్నారో, వాళ్లు ఏమడిగారో, మీరేం చెప్పారో రాస్తే చాలు. చెప్పడానికి జవాబు దొరకకపోతే అది కూడా రాయండి, నేను చదువుతాను.